సుగ్గి బండి కదిలేలోపు

నవంబరు రెండో వారం, ఉదయం తొమ్మిది దాటింది. కోసిగి నుంచి వచ్చిన షేర్ ఆటో మిమ్మల్ని ఊరి మొదట్లో దింపి వెళ్లిపోయింది. ఎదురుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గేటు. ప్రహరీ అవతల పత్తి చేలు తెల్లగా విచ్చుకున్నాయి. ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని అప్పుడే సాళ్లలోకి దిగుతున్నారు. ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు పోతున్నారు. వాళ్ల వెంట మీరూ తొమ్మిదో తరగతి గదిలోకి రండి. వెనక గోడకు ఆనుకుని నిలబడి చూడండి.

కర్నూలు జిల్లా పడమటి మండలాలివి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం. తుంగభద్ర పక్కనుంచే పోతుంది, చాలా పొలాలు మాత్రం వానను నమ్ముకునే ఉంటాయి. దసరా, దీపావళి దాటాక ఇక్కడి ఇళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం దిక్కు ముందు పత్తి విడిపించడానికి, ఆ తర్వాత మిరపకాయ కోతకు. తిరిగొచ్చేది ఉగాదికి అటో ఇటో. అంటే బడి ఏడాదిలో సగం. ఈ నెలలో ఇక్కడ ఏ ఊరి బడికి పోయినా మీకు కనిపించేది ఇదే కాబట్టి ఊరి పేరు చెప్పను.

క్లాస్ టీచర్ పేర్లు పిలుస్తోంది. ఒక పేరు దగ్గర జవాబు రాలేదు. ఆమె తలెత్తింది.

"సుగ్గికి పోయినారు టీచర్, రాత్రి బండికి," అన్నాడు వెనక బెంచీ పిల్లాడు.

ఇంకో పేరు. "ఆ పిల్ల తమ్ముణ్ని సూసుకుంటాంది టీచర్."

మరో పేరు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. కిటికీ పక్కనున్న ఇద్దరు మగపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల దించుకున్నారు. టీచర్ ఆ చూపును పట్టుకుంది. ఏమీ అడగకుండానే మిగతా పేర్లు పూర్తిచేసింది.

ఫోన్‌లో కూడా హాజరు వేసింది. ఆ అంకె క్షణాల్లో మండలం దాటి, జిల్లా దాటి, అమరావతి దాకా పోతుంది. పిల్లవాడి ఇల్లు మాత్రం బడి గేటు నుంచి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు ఎవరో ఒకరు నడవాలి. ఇవాళ మీరు చూడబోయేది ఆ నడకే.

పిల్లలు లెక్కల పాఠంలో పడ్డాక, ఆమె భుజం మీదుగా రిజిస్టరు చూడండి. ఆ మూడో కుర్రాడి వరుసలో వేలు పెట్టి వెనక్కి పోతోంది. జూన్‌లో అన్ని రోజులూ ఉన్నాడు. జూలైలో రెండు సోమవారాలు లేడు. ఆగస్టులో వారానికో రోజు. సెప్టెంబరులో పరీక్ష పెట్టిన రోజుల్లోనే లేడు, అందులోనూ లెక్కల పరీక్ష రోజు, సామాన్యశాస్త్రం రోజు. అక్టోబరులో దసరా సెలవులయ్యాక వచ్చింది నాలుగు పూటలు. ఇవాళ పోయినవాడు కాదు వీడు. జూలై నుంచీ కొంచెం కొంచెంగా పోతూనే ఉన్నాడు.

ఈ సంగతి ఈ ఊరిదే కాదు. అమెరికాలోని షికాగో నగరపు బడుల లెక్కలు తీసి చూసిన ఎలెయిన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ఒక విషయం తేల్చారు. అక్కడ హైస్కూలు మొదటి ఏడు తొమ్మిదో తరగతే. ఆ ఏడు ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టరుకు మించి ఫెయిలవకుండా, పై తరగతికి చాలినన్ని క్రెడిట్లతో గాడిలో ఉన్న పిల్లలు, గాడి తప్పిన వాళ్లకంటే మూడున్నర రెట్లకు పైగా ఎక్కువగా చదువు పూర్తిచేస్తున్నారు. 2007లో ఫిలడెల్ఫియా పిల్లల మీద రాబర్ట్ బాల్ఫాంజ్, అతని సహచరులు చేసిన పరిశీలన ఇంకా వెనక్కి, ఆరో తరగతికి పోయింది. హాజరు 80 శాతానికి పడిపోవడం, లెక్కల్లోనో ఇంగ్లిషులోనో తప్పడం, నడవడిక బాగోలేకపోవడం. వీటిలో ఏది కనబడినా ఆ పిల్లలకు గండం ఉన్నట్టే. ఇవన్నీ ఏ బడిలోనైనా రాసిపెట్టి ఉండే సంగతులే. కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త యాప్ అక్కర్లేదు. వారానికి ఒకసారి, శనివారం చివరి పీరియడ్‌లో రిజిస్టరునూ మార్కుల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివే మనిషి కావాలి.

మన దేశపు లెక్క కూడా ఆ వైపే వేలు చూపిస్తోంది. కేంద్రం ప్రకటించిన యూడైస్ ప్లస్ 2024-25 అంకెల ప్రకారం మిడిల్ స్థాయిలో బడి మానేసేవాళ్లు 3.5 శాతం. సెకండరీకి వచ్చేసరికి అది 8.2 శాతం. ఎనిమిది దాటి తొమ్మిదిలోకి అడుగుపెట్టిన చోటే నేల కుంగుతోంది.

ఇంటర్వెల్ గంట కొట్టారు. టీచర్ స్టాఫ్‌రూమ్‌కి పోలేదు. వేపచెట్టు కింద కూర్చుని నలుగురు పిల్లల్ని పిలిచింది. ఇది ఆమె ప్రతి సోమవారం చేసే పని. ఊళ్లో ఎవరింట్లో ఏం జరుగుతోందో మండల కార్యాలయం కన్నా ముందు ఈ పిల్లలకు తెలుస్తుంది.

"ఈ వారం మేస్త్రీ ఎవరెవరికి అడ్వాన్స్ ఇచ్చినాడు రా?"

మేస్త్రీ అంటే కూలీల ముఠాను సుగ్గికి తోలుకుపోయేవాడు. పిల్లలు చెప్తున్నారు. ఫలానా వీధిలో మూడిళ్లు. ఫలానా గుడి వెనక రెండిళ్లు. ఎనిమిదో తరగతి పిల్ల వాళ్లమ్మ బియ్యం సంచులు కట్టి పెట్టింది. ఎవరింట్లో పెండ్లి మాటలు నడుస్తున్నాయో ఒక అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. టీచర్ చిన్న నోటు పుస్తకంలో రాసుకుంది. చివరికి అడిగింది.

"మనవాడు యాడున్నాడు?"

కిటికీ పక్కన కూర్చునే పిల్లాడు కాలి బొటనవేలితో మట్టి గీకుతూ అన్నాడు. "ఆదోని రోడ్డులో మెకానిక్ షాపు కాడ ఉండాడు టీచర్. నేను చెప్పినానని చెప్పొద్దు."

"చెప్పను నాయనా."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంటుంది. నిలబెట్టుకోకపోతే వచ్చే సోమవారం ఈ చెట్టు కింద ఎవరూ నోరు విప్పరు.

మధ్యాహ్న భోజనం అయ్యాక హెడ్మాస్టరు ఒక పీరియడ్ సర్దాడు. టీచర్, ఊరి సచివాలయం ఎడ్యుకేషన్ అసిస్టెంట్, మీరు, ముగ్గురూ కాలనీలోకి నడుస్తున్నారు. ఎండ మాడుస్తోంది. వీధిలో వరసగా తాళాలు. తాళం వేసిన ఇంటి ముందు కూడా ఎవరో నీళ్లు చల్లి పోయారు. పక్కింటి ముసలమ్మ అయ్యుంటుంది. ఒక తలుపు మాత్రం తెరిచి ఉంది. లోపల చీర ఉయ్యాలలో చంటిపిల్లాడు. ఉయ్యాల ఊపుతున్న పిల్ల టీచర్ని చూడగానే లేచి గోడకు అతుక్కుపోయింది. పొద్దున రెండో పేరుకు జవాబు రాలేదే, ఆ పిల్లే.

అవ్వ బయటికొచ్చింది. "రా తల్లీ, కూసో. ఏం సెయ్యాల సెప్పు. ఆళ్లమ్మ చేనికి పోకుంటే పొయ్యి ఎలగదు. నాకు కండ్లు కనపడవు. పసిబిడ్డను ఎవరికియ్యాల?"

చాలామంది ఇక్కడ చదువు గొప్పదనం మీద ఉపన్యాసం మొదలుపెడతారు. ఈమె మొదలుపెట్టలేదు. చంటివాడి వయసు అడిగింది. ఏడాదిన్నర. అంగన్‌వాడీ ఎక్కడుందో అడిగింది. అది బడి వెనక వీధిలోనే.

"అవ్వా, అంగన్‌వాడీ ఆయమ్మతో నేను మాట్లాడతా. పొద్దున పాప బడికొచ్చేటప్పుడు తమ్ముణ్ని ఆడ దించి వస్తాది. మధ్యాన్నం అన్నం గంటకు పోయి చూసి వస్తాది. ఆ అరగంటకు నేనేమీ అనను. సాయంత్రం తీసుకపోతాది. సరేనా?"

అవ్వ ఆలోచించింది. "ఏడిస్తే?"

"ఏడిస్తే కబురు పంపిస్తారు, ఈ పిల్లే పోతాది."

గోడకు అతుక్కున్న పిల్ల మొదటిసారి తలెత్తింది. "టీచర్, సైన్సు నోట్సు శానా అయిపోయింటాది."

"అయింది. నీ పక్కన కూర్చునే పిల్ల రాసి పెట్టింది, రేపు ఇస్తాది."

వచ్చే దారిలో అడిగితే టీచర్ చెప్పింది, నోట్సు రాయమని పొద్దున తానే పురమాయించానని. ఎన్ని రోజులు రాలేదు, ఎందుకు రాలేదు అనే లెక్కకన్నా, తిరిగొస్తే తన చోటు తనకుందన్న నమ్మకం పిల్లకు ముఖ్యం. బడి మానిన ఆడపిల్లలతో ఎప్పుడు మాట్లాడినా నాకు వినిపించిన భయం ఒకటే. ఫెయిలవుతామని కాదు. అందరి ముందు నిలబెట్టి అడుగుతారని.

ఇప్పుడు ఆదోని రోడ్డుకు రండి. షెడ్డు కింద మూడు బైకులు విప్పి ఉన్నాయి. మన కుర్రాడు కార్బురేటర్‌ను పెట్రోలు గిన్నెలో ముంచి కడుగుతున్నాడు. టీచర్ రాలేదు, లెక్కల మాస్టారు వచ్చాడు. ఆయన్ని చూసి వాడు పారిపోలేదు గానీ చేతులు వెనక్కి దాచుకున్నాడు. నల్లటి చేతులు.

మాస్టారు షాపు ఓనర్‌తో కొంచెంసేపు మాట్లాడాడు. గొడవ పడలేదు. తర్వాత వాడి పక్కన తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు.

"ఏం రా, ఎందుకు రావు?"

చాలాసేపటికి జవాబొచ్చింది. "బడికొస్తే ఏం అర్థం కాదు సార్. బోర్డు మీద రాస్తాంటే అందరూ రాసుకుంటారు. నేనూ రాసుకుంటా. అంతే."

మొత్తం సమస్య ఈ రెండు మూడు మాటల్లో ఉంది. వీడు బీజగణితంలో తప్పలేదు. భిన్నాల దగ్గరే ఆగిపోయాడు, అదీ అయిదో తరగతిలో. ఎనిమిది దాకా ఎవరూ ఆపలేదు గనక తొమ్మిదికి వచ్చాడు. వచ్చి రోజూ ఏడు పీరియడ్లు తనకు తెలియని భాష విన్నట్టు కూర్చున్నాడు. షెడ్డులో మాత్రం పది నంబరు స్పానరు అడిగితే చూడకుండా తీసి ఇస్తాడు. తెలివి తక్కువై బడి మానినవాడు కాదు. తన తెలివికి బడిలో చోటు దొరకక మానినవాడు.

మాస్టారు ఒక ఒప్పందం పెట్టాడు. పొద్దున బడికి అరగంట ముందు రావాలి. ఆయనా వస్తాడు. భిన్నాల నుంచి మొదలు. తొమ్మిదో తరగతి పుస్తకం అప్పటిదాకా తెరవక్కర్లేదు. వాడితోపాటు ఇంకో అయిదుగురు ఉంటారు గనక ఒక్కణ్నే వేలెత్తి చూపినట్టుండదు. షాపు పని ఆదివారం ఒక్క పూట చేసుకోవచ్చు, మిగతా రోజులు కుదరదు. ఆ ఒక్క పూటకు ఒప్పుకోవడం సరైనదేనా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఇంట్లో ఆ రోజు కూలి మీద ఆశ పెట్టుకున్నవాళ్లున్నారు. ఆదివారం వదిలి మిగతా ఆరు రోజులు బడికి రాబట్టుకోవడం మంచి బేరమే.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది 6 నుంచి 14 ఏళ్ల దాకా. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవడం, వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేక శిక్షణ, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా తిప్పి పంపకూడదనడం, అన్నీ ఎనిమిదో తరగతితో ఆగిపోతాయి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. 14 దాటినవాళ్లకు ప్రమాదకరమైన పనుల్లోనే నిషేధం. ఎనిమిదో తరగతి దాటి పద్నాలుగో ఏడు నిండిన పిల్లకు చదువు చట్టబద్ధమైన హక్కు కాదు, పత్తి చేలో కూలి చట్టవిరుద్ధం కాదు. అక్కడ నిలబడి ఉన్నది బడి ఒక్కటే.

పొద్దు గుంకుతోంది. గుడి దగ్గర బొలెరో ఆగి ఉంది. టాపు మీద టార్పాలిన్ పట్టలు, బియ్యం మూటలు, నీళ్ల బిందెలు ఎక్కిస్తున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒక మూట మీద కూర్చుని ఉంది, బడి యూనిఫారమ్‌లోనే. అదే దాని మంచి బట్ట. పొద్దున వేపచెట్టు కింద నోటు పుస్తకంలోకి ఎక్కిన పేరు ఇదే. అందుకే హెడ్మాస్టరు ఇప్పుడు ఇక్కడ ఉన్నాడు. రేపు పొద్దున రిజిస్టరులో తెలిసి ఉంటే వీళ్లు అప్పటికే పిడుగురాళ్ల దాటి ఉండేవాళ్లు.

"అమ్మా, పాపను ఇక్కడ ఉంచండి. బడిలోనే సీజనల్ హాస్టల్ తెరిచినాం. రాత్రి పండుకోవడానికి, అన్నానికి అంతా ఇక్కడే. కాపలాకు ఆయమ్మ ఉంటాది."

తల్లి మాట్లాడలేదు. తండ్రి అన్నాడు. "ఆడపిల్ల సార్. వయసొచ్చింది. రాత్రిపూట యాడో వదిలిపెట్టి పోతే ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకున్నవాళ్లు పిల్లల్ని పోగొట్టుకుంటారు. హెడ్మాస్టరు తేలిగ్గా తీసుకోలేదు. తల్లిని బడికి నడిపించుకుపోయాడు. ఆడపిల్లలు పండుకునే గది, లోపలి గడియ, బాత్రూమ్ తలుపు, రాత్రి తోడుండే ఆయమ్మ ఎవరో చూపించాడు. ఆయమ్మ ఈ ఊరి మనిషే. తల్లికి వరసకు చిన్నమ్మ అవుతుంది. ఆ చుట్టరికం బయటపడ్డాక మాట మెత్తబడింది. రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్‌లో మాట్లాడిస్తానని నంబరు రాసుకున్నాడు. 2025 జూన్ నుంచి తల్లికి వందనం పథకం కింద పిల్లకు ఏడాదికి 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. దానికి 75 శాతం హాజరు కావాలన్న సంగతీ గుర్తుచేశాడు.

ఎదురుమాట అన్నది మేస్త్రీ. ముఠా లెక్కలో ఆ పిల్ల కూడా ఒక చెయ్యి. అడ్వాన్స్ ఆ లెక్కతోనే ఇచ్చాడు. తండ్రి అటూ ఇటూ చూశాడు. చివరికి తల్లే బండి దగ్గరికి పోయి, మూటల్లోంచి పిల్ల బ్యాగు లాగి కింద పెట్టింది. "దీని వంతు నేను కోస్తాలే అన్నా," అంది మేస్త్రీతో.

బండి కదిలింది. పిల్ల ఏడ్చింది. ఏడవదా మరి? అయిదు నెలలు అమ్మ కనబడదు. ఆయమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది. హెడ్మాస్టరు ఆ రాత్రి అన్నాలు అయ్యేదాకా బడిలోనే ఉన్నాడు.

ఈ పద్ధతి ఎవరో ఈ మధ్య కనిపెట్టింది కాదు. రంగారెడ్డి జిల్లా ఊళ్లలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల మొదట్లోనే బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే లెక్కపెట్టింది. పనిలోంచి వచ్చిన పిల్లలకు బ్రిడ్జి క్యాంపులు పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టింది. ఆ పనికే దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పేద తల్లిదండ్రులు చదువు వద్దనుకుంటారన్న మాటను ఆ ఊళ్లు అప్పుడే అబద్ధం చేశాయి. ఇవాళ బండి దగ్గర ఆ తల్లి చేసిందీ అదే.

మరునాడు పొద్దున మళ్లీ బడికి రండి. ఎనిమిదిన్నరకే లెక్కల మాస్టారు వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆరుగురిలో నలుగురు వచ్చారు. మెకానిక్ షాపు కుర్రాడు రాలేదు. మాస్టారు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. తొమ్మిదింటికి, పాఠం అయిపోయే వేళకు, వాడు గేటు దగ్గర కనిపించాడు. లోపలికి రాకుండా నిలబడ్డాడు. మాస్టారు కేకలేయలేదు, ఆలస్యమెందుకని అడగలేదు. "రా, చపాతీని ఎనిమిది ముక్కలు చేద్దాం" అని పలక చూపించాడు. వాడు వచ్చి కూర్చున్నాడు. హాజరు పిలిచినప్పుడు వాడి పేరు దగ్గర జవాబు వచ్చింది, తరగతిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడొద్దని టీచర్ ముందే చెప్పి ఉంచింది.

తమ్ముణ్ని అంగన్‌వాడీలో దించి ఆ పిల్ల కూడా వచ్చింది, పావుగంట ఆలస్యంగా.

మొదటి పేరు పిల్లాడు మాత్రం ఇవాళా లేడు. వాళ్లు ముందటి రాత్రే పోయారు. టీచర్ వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. సత్తెనపల్లి దగ్గర ఏదో ఊరట. పేరు సరిగ్గా చెప్పలేకపోయాడు. ఆ ఊరేదో కనుక్కుని, అక్కడి హైస్కూలు హెడ్మాస్టరుతో మాట్లాడి, ఈ అయిదు నెలలు అక్కడైనా కూర్చోబెట్టాలని ఆమె ప్రయత్నం. కుదురుతుందో లేదో తెలియదు. రిజిస్టరులో వాడి పేరు కొట్టేయలేదు. లాంగ్ ఆబ్సెంట్ అని రాసి పక్కన పెట్టేస్తే ఆ పిల్లాడి కోసం వెతకాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు గనక ఆమె ఆ మాట రాయదు.

చూశారుగా, ఇందులో అద్భుతమేదీ లేదు. రిజిస్టరు చదివే అలవాటు, పది నిమిషాల నడక, ఇంటివాళ్ల ఇబ్బందిని ఇబ్బందిగా ఒప్పుకోవడం, తిరిగొచ్చిన పిల్లను సిగ్గుపడనివ్వకపోవడం, పాఠాన్ని వాడు ఆగిన చోటు నుంచి మొదలుపెట్టడం. కానీ ఇదంతా ఇద్దరు ముగ్గురు మనుషుల మంచితనం మీద నడుస్తోంది. అలా నడవకూడదు. టీచర్ బదిలీ అయితే వేపచెట్టు కింద ఎవరు కూర్చుంటారు? ప్రతి హైస్కూలులో ఒకరికి ఇది డ్యూటీగా ఉండాలి, దానికి టైమ్‌టేబుల్‌లో పీరియడ్లు ఉండాలి. వలస మండలాల్లో సీజనల్ హాస్టళ్లు దసరా సెలవులకు ముందే తెరవాలి. బండ్లు వెళ్లిపోయాక తెరిచిన హాస్టల్ ఎవరికీ పనికిరాదు. విద్యాహక్కు పద్నాలుగుతో ఆగకుండా పద్దెనిమిదికి పెరగాలి.

గుంటూరు, పల్నాడు మిరప రైతులకు ఒక విన్నపం. జనవరిలో మీ చేలో దిగిన ముఠాలో బడి వయసు పిల్లలు కనబడితే, ఏ ఊరివాళ్లో అడిగి మీ దగ్గరి హెడ్మాస్టరుకు ఒక మాట చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సరే. కోసిగి దిక్కున ఒక టీచర్ ఆ కబురు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.